పండ్ల బండి, గ్లూకోమీటరు, మామిడిపండు: ఒక షుగర్ కేసు

ఇన్సులిన్ మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకోవడానికి ఈ పేషెంటు నా దగ్గరికి వచ్చారు. అప్పుడు మే నెల, మామిడి సీజను మంచి ఊపు మీదుంది. ఆమెకు 54 ఏళ్లు. ఏలూరు జిల్లాలో, నూజివీడు మామిడి వచ్చి దిగే ఒక చిన్న పట్టణంలో తోపుడు బండి మీద పండ్లు అమ్ముతారు. షుగర్ బయటపడి ఏడేళ్లయింది. అంతకు ముందు వారం ఇంకో చోట చూపించుకుంటే, ఆమె నోట్‌బుక్‌లో రాసుకున్న రీడింగులు చూసి "మాత్రలతో ఇక లాభం లేదు, సూది వేసుకోవాల్సిందే" అన్నారట. ఆ మాటకు హడలిపోయి, ఇంకొకరిని కూడా అడుగుదామని వచ్చారు. ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను.

షుగర్ వచ్చిందని తెలిసిన రోజే పండ్లు పూర్తిగా మానేశానని మొదటి నిమిషంలోనే చెప్పారు. "పొద్దున లేస్తే పండ్ల మధ్యే ఉంటానండీ. ఏడేళ్లయింది, ఒక్క ముక్క నోట్లో వేసుకుంటే ఒట్టు. అయినా దిగట్లేదు." ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతులో బాధ కంటే కోపమే ఎక్కువ వినిపించింది.

వచ్చేనాటికి పరిస్థితి

మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. ఉదయం వేసుకుంటున్నారు. ఎత్తు 150 సెం.మీ., బరువు 61 కిలోలు. బీపీ 134/82. పాదాల్లో స్పర్శ బాగానే ఉంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, మూత్రంలో ప్రొటీన్ లేదు, హిమోగ్లోబిన్ 12.2. ల్యాబులో పరగడుపున 132, టిఫిన్ తిన్న రెండు గంటలకు 226. హెచ్‌బీఏ1సీ, అంటే మనవాళ్లు మూడు నెలల షుగర్ అనే పరీక్ష, 7.8 వచ్చింది.

నోట్‌బుక్ తెరిస్తే లెక్క వేరుగా ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు మీటరు కొనిచ్చాడు. రోజూ రాత్రి ఫోన్ చేసి ఎంత వచ్చిందని అడుగుతాడు. అందుకని ఆమె ఒక్క రోజు కూడా తప్పకుండా చూసి రాస్తున్నారు. పొద్దుటి అంకెలు 125 నుంచి 145 మధ్యే ఉన్నాయి. మధ్యాహ్నానివి మాత్రం 286, 340, 312, 255, 391. వాటిలో కొన్నింటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.

హెచ్‌బీఏ1సీ 7.8 అంటే రోజంతటి సగటు 177 దగ్గర ఉన్నట్టు. 28.7తో గుణించి 46.7 తీసేస్తే వచ్చే లెక్క ఇది. పరగడుపున 130, టిఫిన్ తర్వాత 226, ఆ 177 సగటు, మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయి. రోజూ మధ్యాహ్నం 300 దాటే మనిషికి మాత్రం 7.8 రావడం కష్టం. కాబట్టి రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతోంది.

ఇలాంటప్పుడు ముందు హెచ్‌బీఏ1సీనే అనుమానించాలి. రక్తం పోతున్నా, ఎర్ర కణాలు త్వరగా విరిగిపోతున్నా, ఈమధ్య రక్తం ఎక్కించినా అది అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఎక్కువ చూపిస్తుంది. ఆమెకు అవేవీ లేవు. ఇక మిగిలింది మీటరు, స్ట్రిప్పులు, వాటిని వాడే పద్ధతి.

"ఎన్నింటికి చూసుకుంటారమ్మా?"

"బేరం కాస్త తగ్గాకండీ. మూడు ఆ ప్రాంతంలో, బండి దగ్గరే."

"అన్నం తిన్న ఎంతసేపటికి?"

"ఆ వేళకి అన్నమెక్కడండీ? నాలుగైపోద్ది తినేసరికి."

కేసు మొత్తం నాకు ఈ జవాబుతోనే విడిపోయింది. పొద్దున ఏడింటికి ఇడ్లీ తిన్నాక అన్నం ముట్టని మనిషికి, ఎండలో ఎనిమిది గంటలు నిలబడ్డాక, మధ్యాహ్నం మూడింటికి 340. పరగడుపున 130 ఉన్న మనిషికి అలా రావడానికి శరీరంలో దారి లేదు. జ్వరం, ఇన్‌ఫెక్షన్, స్టెరాయిడ్ లాంటివి ఉంటే తప్ప. మోకాళ్ల నొప్పులకు ఎవరైనా ఇచ్చిన పొడులు, బిళ్లలు వాడుతున్నారా అని రెండుసార్లు అడిగాను. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండటం మా ప్రాంతంలో కొత్తేమీ కాదు. ఆమె వాడలేదు.

సాయంత్రం వణుకు

ఇంకో ఇబ్బంది ఉంది, అది ఆమె తనంతట తాను చెప్పలేదు. నీరసం ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగితే బయటపడింది. వారంలో రెండు మూడు సాయంత్రాలు చేతులు వణకడం, ఒళ్లంతా చెమట, కళ్లు బైర్లు కమ్మడం. ఎండ దెబ్బ అనుకుంటున్నారు. ఒక రోజు బండి పక్కనే కూలబడితే చెరుకు రసం అమ్మే అతను గ్లాసు రసం తాగించాడట. పది నిమిషాల్లో లేచి కూర్చున్నారు. ఇంట్లో మాత్రం "షుగర్ పెరిగి పడిపోయింది" అని చెప్పుకున్నారు.

షుగర్ పెరిగి పడిపోయిన మనిషి చెరుకు రసం తాగితే లేచి కూర్చోదు. పడిపోయింది షుగర్ తగ్గి.

ఎందుకు తగ్గింది? మూడింటికి మీటరులో 340 కనబడగానే సంచిలోంచి ఇంకో గ్లిమిపిరైడ్ తీసి వేసుకుంటున్నారు. ఇది ఎవరూ రాసిచ్చింది కాదు. "చిన్న మాత్ర షుగర్ దించుతుందట" అని ఒక చుట్టం చెప్పిన మాట. భయంతో అన్నం కూడా వాయిదా వేస్తారు, కొన్ని రోజులు పూర్తిగా మానేస్తారు. గ్లిమిపిరైడ్ పని క్లోమగ్రంథిని తట్టి ఇన్సులిన్ వదిలించడం. తిన్నారా లేదా అని అది చూడదు. కడుపు ఖాళీగా ఉన్నా దాని పని అది చేసుకుపోతుంది. అసలు షుగర్ 120 దగ్గర ఉన్న మనిషి ఈ మాత్ర వేసుకుని, అన్నం మానేసి, మే నెల ఎండలో బండి తోసుకుంటూ ఇంటికి వెళ్తే ఏమవుతుందో అదే అయింది. ఈ మనిషికి ఇప్పుడు ఇన్సులిన్ కూడా కలిపి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలుచుకోలేదు.

రెండు చేతులు

ఆమె ఆ రోజు బండి పక్కవాళ్లకు అప్పజెప్పి నేరుగా క్లినిక్‌కి వచ్చారు. పొద్దుటి నుంచి కొనేవాళ్లకు రుచి చూపించడానికి బంగినపల్లి ముక్కలు కోస్తూనే ఉన్నారు. వేళ్ల సందుల్లో రసం ఎండి మెరుస్తోంది, గోళ్ల అంచులు పసుపు పచ్చగా ఉన్నాయి. కుడి చేతి ఉంగరం వేలు ఆమె రోజూ ఎలా చేస్తారో అలాగే గుచ్చమన్నాను. స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచి, గుచ్చి, చుక్క పెట్టారు. 318.

ఎడమ చెయ్యి సబ్బుతో కడిగించి, శుభ్రమైన గుడ్డతో పూర్తిగా తుడిపించి, అదే మీటరుతో చూశాం. 164.

ఆమె రెండు అంకెలూ మార్చి మార్చి చూసి, "ఎడం చేతికి తక్కువుంటదాండీ?" అన్నారు. మా సిస్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కళ్ల ముందు కనబడింది అదే మరి. అప్పుడు కుడి చెయ్యి కూడా కడిగించి, పక్క వేలు గుచ్చాం. 161.

ఇది ఎలా జరుగుతుందో లెక్క చూస్తే వింతేమీ అనిపించదు. మీటరుకు కావాల్సిన రక్తం ఒక మైక్రోలీటరు కూడా ఉండదు. ద్రాక్ష పండులో 100 గ్రాములకు 7 గ్రాముల దాకా గ్లూకోజ్ ఉంటుంది. మీటరు భాషలో, అంటే 100 మి.లీ.కి ఇన్ని మి.గ్రా. అని చెప్పాలంటే 7000. చుక్క రక్తంలో యాభయ్యో వంతు ద్రాక్ష రసం కలిసినా 140 పెరిగిపోతుంది. మామిడిలో ఎక్కువ భాగం సుక్రోజ్, దాన్ని స్ట్రిప్పు పట్టుకోదు. అయినా 100 గ్రాములకు 2 గ్రాముల దాకా ఉండే గ్లూకోజే ఈ పని చేయడానికి చాలు, పైగా ఆమె వేళ్ల మీద పొద్దుటి నుంచి పొర మీద పొర ఎండిపోయి ఉంది. 2011లో జపాన్ వైద్యులు దీన్ని పరీక్షించి ప్రచురించారు. నారింజ, ద్రాక్ష, కివీ వొలిచిన చేతులతో రక్తం చూస్తే రీడింగు విపరీతంగా పెరిగింది, స్పిరిట్ దూదితో ఐదుసార్లు తుడిచినా పూర్తిగా సర్దుకోలేదు, నీళ్లతో కడిగితే సర్దుకుంది. స్పిరిట్ పెట్టాం కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. స్పిరిట్ ఉన్నది క్రిములకు, చక్కెర వదలాలంటే నీళ్లు కావాలి. నీళ్లు అసలు దొరకని చోట మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్కతో చూడటం కొంత నయం.

స్ట్రిప్పుల డబ్బా ఎక్కడ పెడతారని అడిగాను. బండి కింద రేకు పెట్టెలో, చిల్లర పక్కన. వాటిని 30 డిగ్రీలు దాటని చోట, మూత బిగించి ఉంచాలని డబ్బా మీదే ఉంటుంది. మే నెలలో ఆ రేకు పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ డబ్బా పక్కన పడేయించి కొత్తది తెప్పించాం. మీటరు ఇంట్లోనే ఉంచి, పొద్దున్న, రాత్రి మాత్రమే చూడమని చెప్పాను. సాయంత్రం వణుకు వస్తే చూడటానికి మాత్రం, నీళ్ల సీసాతో సహా, పక్కనున్న మందుల షాపులో చూపించుకోమన్నాను.

చేతికి అంటించే సెన్సర్ పెడదామని కొడుకు ఫోన్లో అన్నాడు. పెడితే తప్పు లేదు, కానీ ఒక్కో సెన్సర్ రెండు వారాలే పనిచేస్తుంది, ఖరీదు ఆమె బండి మీద చాలా రోజుల లాభం. ఈ కేసులో అది తేల్చాల్సిన సంగతి సబ్బు బిళ్ల తేల్చేసింది.

మరి 7.8 ఎక్కడి నుంచి?

మధ్యాహ్నం అంకెలు ఉత్తవని తేలినా 226, 7.8 నిజమైనవే. పండు ముట్టని మనిషికి అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకాలి. నేను "ఏం తింటారు" అని అడగను. ఆ ప్రశ్నకు అందరూ "ఏమీ తిననండీ" అంటారు. నిద్ర లేచిన దగ్గర్నుంచి గంట గంటకూ నడిపించుకుంటూ వెళ్తాను.

పంచదార మానేశారు, ఇంట్లో. ఎదురుగా టీ కొట్టు ఉంది. టీ అతనికి ఈమె బొప్పాయి ముక్కలు పంపిస్తారు, అతను రోజుకు నాలుగు టీలు పంపిస్తాడు. డబ్బులు మారవు కాబట్టి అది ఆమె లెక్కలో లేదు. టీకి రెండు చెంచాల చొప్పున 40 గ్రాముల పంచదార. అదే బొప్పాయి ముక్కలు ఆమె తిని టీలు వదిలేసి ఉంటే? 200 గ్రాముల బొప్పాయిలో చక్కెర 16 గ్రాములు. పీచు, విటమిన్ సి అదనం.

పొద్దున్న ఐదు ఇడ్లీలు, పల్చటి చట్నీ. రాత్రి ఇంటికి వెళ్లాక రోజంతా తినని అన్నం ఒక్కసారే తింటారు. కొలిపిస్తే దాదాపు 400 గ్రాముల వండిన అన్నం, అందులో పప్పు నామమాత్రం, పచ్చడి ఎక్కువ. వండిన తెల్లన్నం 100 గ్రాములకు పిండిపదార్థం 28 గ్రాములు. అంటే ఆ పళ్లెంలో 112 గ్రాములు. తొక్క, టెంక తీసేసిన మామిడి 100 గ్రాములకు 15. ఆమె ఏడేళ్లు మామిడిపండును శత్రువులా చూసి, రోజూ రాత్రి ముప్పావు కిలో మామిడి ముక్కలకు సమానమైన పిండిపదార్థం అన్నంగా తింటున్నారు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నం తియ్యగా ఉండదు కదండీ" అన్నారు.

మన ఇళ్లలో షుగర్ గురించిన ఆలోచనంతా నాలుక చుట్టూనే తిరుగుతుంది. తీపి తగిలితే తప్పు, తగలకపోతే ఒప్పు. అందుకే మామిడి మానేసి జొన్నరొట్టెలు ఆరు తినేవాళ్లు, అరటిపండు వద్దని "షుగర్ ఫ్రీ" బిస్కెట్ ప్యాకెట్ ఖాళీ చేసేవాళ్లు నాకు రోజూ కనబడతారు.

మందు మార్పు

గ్లిమిపిరైడ్ ఆపేశాను. వేళకు తినే ఉద్యోగస్తులకు అది చవకైన, పనికొచ్చే మందే. మధ్యాహ్నం అన్నం ఎప్పుడు తింటారో తెలియని మనిషికి మాత్రం కాదు. దాని బదులు సిటాగ్లిప్టిన్ 100 మి.గ్రా. రోజుకొకటి. ఇది షుగర్ పెరిగినప్పుడే ఎక్కువగా పనిచేస్తుంది, కాబట్టి తిండి ఆలస్యమైనా పడిపోయే భయం తక్కువ. 2022లో పేటెంట్ గడువు తీరాక దీని ధర బాగా దిగింది, లేకపోతే ఆమెకు రాసేవాణ్ని కాదు. మెట్‌ఫార్మిన్‌ను మెల్లగా 1000 రెండు పూటలకు పెంచాం. సంచిలో గ్లూకోజ్ పొడి పెట్టించాను. వణుకు వస్తే మూడు చెంచాలు నీళ్లలో, పదిహేను నిమిషాల తర్వాత కూడా తగ్గకపోతే మళ్లీ. అప్పుడు పండు తినడం కాదు, పండులోని పీచు వల్ల షుగర్ ఎక్కడం ఆలస్యమవుతుంది. చెరుకు రసం అతను తెలియకుండానే సరైన వైద్యం చేశాడు.

తిండిలో ఇడ్లీలు మూడు, సాంబారు చిక్కగా, వేరుశనగ చట్నీ. టీలు రెండు, చక్కెర లేకుండా. మధ్యాహ్నం పన్నెండున్నరకు పెరుగన్నం డబ్బా, అందులో ఉడికించిన శనగలు. రాత్రి అన్నం సగం, పప్పు రెట్టింపు.

మామిడిపండు పరీక్ష

రెండు వారాల తర్వాత వచ్చారు. పరగడుపు 118 దగ్గర, వణుకు మళ్లీ రాలేదు. అప్పుడు మెల్లగా అడిగారు: "ఒక్క ముక్క తినొచ్చాండీ? సీజను అయిపోతోంది."

తినొచ్చని నోటితో చెప్పి పంపించడం కంటే చూపించడం మేలనిపించింది. ఈ పేషెంటుకు ఉన్న సౌకర్యం మిగతావాళ్లకు ఉండదు. చేతిలో కాటా ఉంది, పది గ్రాములు తేడా వస్తే కంటితోనే చెప్పగలరు. నేను పెట్టిన షరతులు కొన్నే. చేతులు సబ్బుతో కడగాలి. పండు ముక్కలుగా, తొక్క, టెంక లేకుండా సరిగ్గా 100 గ్రాములు. ప్రతి పద్ధతీ వేరువేరు రోజుల్లో మూడేసి సార్లు. కింద రాసినవి ఆ మూడింట్లో మధ్య అంకెలు.

పదకొండు గంటలకు మామిడి ఒక్కటే తింటే: ముందు 126, గంటకు 172, రెండు గంటలకు 143.

మధ్యాహ్నం భోజనం పండు లేకుండా: రెండు గంటలకు 168.

అదే భోజనం, పైన 100 గ్రాముల మామిడి: 203.

ఒక గరిటె అన్నం, అంటే 55 గ్రాముల దాకా తగ్గించి, దాని బదులు 100 గ్రాముల మామిడి: 171.

పెద్ద గ్లాసు మామిడి రసం, పంచదార కలపకుండానే: గంటకు 238.

ఈ అంకెలను ఎంతవరకు నమ్మాలి? మీటర్లకు 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100 దాటిన రీడింగుల్లో పదిహేను శాతం అటూ ఇటూ ఉన్నా మంచి మీటరే. కాబట్టి 168కీ 171కీ తేడా లేదు, రెండూ ఒకటే. భోజనం పైన మామిడి తిన్నప్పుడు మాత్రం మూడుసార్లూ మిగతా రెండు భోజనాలకు పైనే ఉంది, రసం మూడుసార్లూ అన్నిటికీ పైనే ఉంది. ఒక్క మనిషి మీద చేసిన పరీక్ష ఇది. ఇంకొకరికి ఇవే అంకెలు వస్తాయని నేను చెప్పను, ఇదే వరుస వస్తుందని మాత్రం చాలావరకు చెప్పగలను. పండు అన్నం మీద ఎక్కి కూర్చుంటే ఒకలా, అన్నం లేచి చోటిస్తే ఇంకోలా ఉంటుంది.

రసం గురించి ఒక మాట. ఆ గ్లాసులో రెండు కాయలకు పైగా పట్టాయి. ముక్కలుగా రెండు కాయలు ఎవరైనా తినాలంటే పావుగంట పడుతుంది, మధ్యలో కడుపు నిండుతుంది. గ్లాసు రెండు నిమిషాల్లో ఖాళీ. 2013లో అమెరికాలో లక్షమందికి పైగా నర్సులు, వైద్య వృత్తిలో ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలోనూ పండ్ల రసాలు ఎక్కువ తాగినవాళ్లలో షుగర్ రావడం ఎక్కువగా, ద్రాక్ష, యాపిల్ లాంటి కొన్ని పండ్లు కొరికి తిన్నవాళ్లలో తక్కువగా కనబడింది. అదే ఏడాది డెన్మార్క్‌లో కొత్తగా షుగర్ వచ్చిన 63 మందిని రెండు భాగాలు చేసి, ఒకరికి రోజుకు రెండు పండ్లకు మించవద్దని, ఇంకొకరికి రెండుకు తగ్గవద్దని చెప్పారు. పన్నెండు వారాల తర్వాత హెచ్‌బీఏ1సీలో తేడా లేదు. చిన్న అధ్యయనమే, కానీ మనం పేషెంట్ల చేత పండ్లు మాన్పించేది ఏ ఆధారంతోనో నాకైతే ఇంతవరకు కనబడలేదు.

ఆమె అడిగినవి

పండ్లు అమ్మే మనిషి కాబట్టి ప్రశ్నలు కూడా సరుకు వారీగా వచ్చాయి.

జామ ముందు పెట్టాను. పిండిపదార్థం మామిడంతే ఉన్నా 100 గ్రాములకు 5 గ్రాముల పైగా పీచు ఉంది, నమలక తప్పదు. దోరకాయ ఇంకా మంచిది. పుచ్చకాయను చాలామంది పట్టికల్లో గ్లైసీమిక్ ఇండెక్స్ 70 దాటిందని చూసి భయపడతారు. ఆ సూచీ కొలిచేది 50 గ్రాముల పిండిపదార్థం ఉన్నంత తిండి తింటే ఏమవుతుందని. పుచ్చకాయలో అంత కావాలంటే 600 గ్రాముల పైన తినాలి. ఒక కప్పు ముక్కలకు ఆ భయం అక్కర్లేదు, తాంబాళం ముందు పెట్టుకుని కూర్చుంటే మాత్రం నిజమే. అరటిపండు చిన్న కర్పూరం ఒకటి, బాగా మగ్గి మచ్చలు పడనిది. సీతాఫలం, సపోటా, పనస, ద్రాక్ష దగ్గర చెయ్యి బిగబట్టాలి, వీటిలో 100 గ్రాములకు 18 నుంచి 24 దాకా ఉంటుంది. ఖర్జూరం ఎండుది 75. రంజాన్ నెలలో ఆమె అదే ఎక్కువ అమ్ముతారు, "మంచిదని రాస్తారు కదండీ" అన్నారు. మంచిదే, ఒకటి.

నేరేడు షుగర్ తగ్గిస్తుందా? జూన్‌లో నేరేడు రాగానే మాత్రలు ఆపేసి వచ్చేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తాను. పండుగా తినండి, మందుగా కాదు. ఆ మాట ఆమెకు నచ్చలేదు, ఎందుకంటే నేరేడు పళ్లు అమ్ముడుపోయేదే ఆ పేరు మీద.

ఎంత తినాలన్నదానికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలనే పట్టుకున్నాను. మామూలు మనిషికే రోజుకు 100 గ్రాముల పండు చాలంటారు అందులో. ఆమెకూ అంతే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఈ సలహా ఉన్నదున్నట్టు వర్తించదు, పొటాషియం చూసుకోవాలి. ఆమెకు ఆ సమస్య లేదు.

తర్వాత

ఆగస్టులో హెచ్‌బీఏ1సీ 7.1. బరువు కిలోన్నర తగ్గింది. కార్తీక మాసం వచ్చేసరికి కొత్త ప్రశ్న: సోమవారాలు ఉపవాసం. పాత మాత్ర మీద ఉండి ఉంటే వద్దనేవాణ్ని. ఇప్పుడున్న మందులతో ఫర్వాలేదన్నాను, కానీ ఒట్టి పండ్లతో రోజు గడపడానికి ఒప్పుకోలేదు. జామకాయ, గుప్పెడు వేరుశనగలు, మజ్జిగ మధ్యాహ్నానికి. సాయంత్రం నక్షత్రం చూశాక మామూలు భోజనం, రెండు పూటల అన్నం ఒక్క పూటకే తినకుండా. ఉపవాసం నాటి ప్రసాదం పళ్లెం గురించి కూడా మాట్లాడుకున్నాం, ఆమె దాని మీద ఏ హామీ ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో 6.9. సపోటా విషయంలో ఇప్పటికీ మాట వినరు. కంటి రెటీనా పరీక్ష ఏడేళ్లలో ఒక్కసారీ జరగలేదు, దానికి ఇంకా వెంటపడుతున్నాం.

ఆమె తన వరుసలోని బండ్ల వాళ్లందరికీ చేతులు కడిగి చూసుకోమని చెప్పేశారు. దాంతో కొబ్బరిబోండాలు, ద్రాక్ష అమ్మే ఒకతను, నలభై దాటి ఉండడు, "నాకూ 400 చూపిస్తోంది, అదీ చేతులదేనంటగా" అని ధైర్యంగా వచ్చాడు. సబ్బుతో రెండుసార్లు కడిగించి చూశాం. 388. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాడు, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడు, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. మూత్రంలో కీటోన్లు, అంటే ఇన్సులిన్ బాగా కరువైనప్పుడు ఒంట్లో పుట్టే పదార్థాలు, చూసి, అతనికి ఆ రోజే ఇన్సులిన్ మొదలుపెట్టాం.